‘మిస్టర్ క్రౌలీ’ పాట అసలు ఏం అడుగుతోంది?

రైలుకట్ట · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మూడేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాడు. వచ్చే నెల కాలేజీ ఫెస్ట్‌లో ఇంగ్లండ్ రాక్ గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ పాట ‘మిస్టర్ క్రౌలీ’ వాయించాలని వాడూ వాడి స్నేహితులూ కలిసి రోజూ సాధన చేస్తున్నారు. క్రౌలీ అంటే నిజంగా బతికిన ఒక ఇంగ్లీషు మాంత్రికుడట. నిన్న మా నాన్నగారు ఆ పేరు ఫోన్‌లో వెతికారు. క్షుద్రపూజలు, సైతాను, ‘ప్రపంచంలోకెల్లా దుర్మార్గుడు’ అని ఏవేవో కనపడ్డాయి. ఇంట్లో ఆ పాట వినపడకూడదన్నారు. తమ్ముడు అన్నం కూడా తినకుండా పడుకున్నాడు.

నేను పాట నాలుగైదుసార్లు విన్నాను. సంగీతం బాగుంది. కానీ ఇది ఆ మనిషిని పొగుడుతోందా, తిడుతోందా అన్నది తేల్చుకోలేకపోయాను. నాన్నగారికి అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతటేపు · శనివారం, రాత్రి 9:40

తమ్ముడూ, 1994లో కోఠీలో ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్‌తో ఈ పాట నా జీవితంలోకి వచ్చింది. అప్పట్నుంచి వింటూనే ఉన్నాను.

ముందు పాట పుట్టుక చెప్తాను. ఓజీది బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే కార్మికవాడ. పదిహేనేళ్లకే బడి మానేశాడు, కబేళాలో కూడా పనిచేశాడు. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందంతో పేరు తెచ్చుకున్నాడు. తాగుడు, మత్తుమందులు ఎక్కువై 1979లో ఆ బృందం వాళ్లే బయటికి పంపేశారు. మరుసటి ఏడాది సొంతంగా వేసిన మొదటి ఆల్బమ్ ‘బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్’లో ఉందీ పాట. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో రిడ్జ్ ఫార్మ్ అనే స్టూడియోలో రికార్డ్ చేశారు. రాసినవాళ్లుగా ముగ్గురి పేర్లుంటాయి: ఓజీ, గిటార్ వాయించిన ర్యాండీ రోడ్స్, బేస్ వాయించిన బాబ్ డెయిస్లీ. ఆ ఆల్బమ్‌లో మాటల పని చాలావరకు డెయిస్లీదే.

ఇక నీ ప్రశ్నకు సూటిగా జవాబు. ఇది పొగడ్త కాదు. పాటలో ఎక్కువగా ప్రశ్నలే. ఒక్కసారి కాగితం మీద రాసుకుని చూడు. నీ బుర్రలో ఏం జరిగింది? చచ్చినవాళ్లతో మాట్లాడావా? నువ్వు శుద్ధుడివనుకున్నావా? చివరికొచ్చేసరికి నీ ఉద్దేశం ఏమిటో నాకు తెలియాలి అంటాడు. భక్తుడు దేవుణ్ణి అడిగే తీరు కాదిది.

హనుమకొండ_బేస్ · శనివారం, రాత్రి 10:05

పాతటేపు అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటాను. ప్రశ్నలు అడిగినంత మాత్రాన పొగడ్త కాకుండా పోదు. మన కీర్తనల్లో ‘ఎందుకు రావు, ఎక్కడున్నావు’ అని దేవుణ్ణి నిలదీసేవి ఎన్ని లేవు? అది భక్తే కదా. ఈ పాటలో భయం ఉంది, ఆకర్షణ కూడా ఉంది. రెండోది లేదని నాన్నగారికి చెప్తే అది సగం నిజమే అవుతుంది.

నీలిసిరా · శనివారం, రాత్రి 10:48

నేను అనువాదాలు చేస్తుంటాను. ఈ పాటను తెలుగులోకి తేవాలని ఒకసారి కూర్చుని, మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. మనకు నువ్వూ, మీరూ ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

‘క్రౌలీ గారూ, మీ బుర్రలో ఏం జరిగిందండీ?’ అని రాశాను. శిష్యుడు గురువును అడిగినట్టుంది. కొట్టేశాను. ‘ఒరేయ్ క్రౌలీ’ అని రాశాను. కొట్లాటకు వచ్చినట్టుంది, పాటలో ఆ కోపం లేదు. చివరికి ‘ఏమయ్యా క్రౌలీ’ దగ్గర నిలబడ్డాను. చెడిపోయిన ఊరి పెద్దమనిషిని, కాస్త జాలితో, కాస్త జంకుతో, దారిలో ఆపి అడిగే గొంతు అది. ‘ఏమయ్యా, ఎందుకిలా చేశావు? అందరినీ మోసం చేశావే, ఏం మిగిలింది నీకు?’

రెండో చరణంలో పేరు కూడా మారుతుంది. ముందు ‘మిస్టర్ మనోహరం’ లాంటి పిలుపు, వెంటనే ‘మిస్టర్ భయానకం’ లాంటి పిలుపు. హనుమకొండ గారు చెప్పిన ఆకర్షణా భయమూ ఈ రెండు పిలుపుల్లో పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఆయన మాట నిజమే. కానీ అంతకుముందే మొదటి చరణంలో ఒక మాట వస్తుంది: నీ బతుకు నాకు విషాదంగా తోచింది అని. పాటలో గాయకుడు తన సొంత అభిప్రాయంగా చెప్పిన మాట దాదాపు అదొక్కటే. మిగతావి ఎక్కువగా అడగడాలే, లేదా నువ్వు ఇలా చేశావు అనడాలే. నాకు ఆ ఒక్క మాట చాలు.

మంచుమెట్టు · ఆదివారం, ఉదయం 6:30

అసలు క్రౌలీ ఎవరో తెలియకుండా పాట అర్థం కాదు. నేను కొండలెక్కేవాణ్ణి. నాకు ఈయన మాంత్రికుడుగా కాదు, పర్వతారోహకుడుగా ముందు తెలుసు.

పుట్టింది 1875 అక్టోబరు 12న, ఇంగ్లండ్‌లోని లెమింగ్టన్ స్పాలో. బీరు తయారీ వ్యాపారంలో డబ్బు గడించిన కుటుంబం. తండ్రి ప్లిమత్ బ్రెదరెన్ అనే చాలా నిష్ఠగల క్రైస్తవ శాఖలో బోధకుడు. ఇంట్లో బైబిల్ తప్ప మరో మాట ఉండేది కాదు. పిల్లవాడికి పదకొండేళ్లప్పుడు తండ్రి పోయాడు. తరువాత పిల్లాడు ఎదురు తిరిగాడు. తల్లి కోపంలో బైబిల్ చివరి గ్రంథంలోని ‘మృగం’ పేరుతో పిలిచింది. ఆ పేరునే పెద్దయ్యాక బిరుదులా పెట్టుకున్నాడు. తల్లి తిట్టిన తిట్టును జీవితాంతం మోసిన మనిషి అని నాకనిపిస్తుంది.

కేంబ్రిడ్జ్‌లో చదివాడు. 1902లో కే2 శిఖరం ఎక్కడానికి ప్రయత్నించిన జట్టులో ఉన్నాడు. 1905లో కాంచన్‌జంగ మీదికి వెళ్లిన జట్టుకు నాయకుడు ఇతనే. అక్కడ జట్టులో గొడవలొచ్చాయి. సెప్టెంబరు 1న కొందరు సాయంత్రం పూట కిందికి దిగుతుంటే మంచుపెళ్ల విరిగిపడింది. అలెక్సిస్ పాష్ అనే స్విస్ యువకుడు, ముగ్గురు కూలీలు చనిపోయారు. పైన గుడారంలో ఉన్న క్రౌలీకి కేకలు వినపడినా బయటికి రాలేదు. మర్నాడు దిగి వెళ్లిపోయాడు. పైగా ఇలాంటి ప్రమాదాల మీద తనకు సానుభూతి లేదని పత్రికకు రాశాడు.

తాడు కట్టుకుని కొండెక్కినవాడిగా చెప్తున్నాను, మంత్రాలూ పూజలూ నన్ను భయపెట్టవు. ఆ గుడారంలోంచి లేవకపోవడం నన్ను భయపెడుతుంది. ‘నీ బుర్రలో ఏం జరిగింది’ అన్న పాదం విన్నప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తుకొస్తుంది. చనిపోయిన ఆ ముగ్గురు కూలీల పేర్లు చాలా పుస్తకాల్లో ఉండవు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

రైలుకట్ట · ఆదివారం, ఉదయం 8:15

ఇది నాకు అస్సలు తెలియదు అన్నా. చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. మరి మాంత్రికుడు ఎలా అయ్యాడు? సైతానును కొలిచాడా?

డల్లాస్_రాత్రి · ఆదివారం, ఉదయం 9:50

సైతాను సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అక్కడే పాట తప్పులో కాలేసింది.

క్రౌలీ 1898లో లండన్‌లో ‘గోల్డెన్ డాన్’ అనే రహస్య మండలిలో చేరాడు. తర్వాత స్కాట్లండ్‌లో లాక్ నెస్ సరస్సు ఒడ్డున బోలెస్కిన్ అనే ఇల్లు కొన్నాడు. (డెబ్బైల్లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ కొన్నది ఆ ఇల్లే.) 1904లో భార్య రోజ్‌తో కైరోలో ఉన్నప్పుడు ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో, రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఐవాస్ అనే అదృశ్య శక్తి చెబుతుంటే తాను రాసుకున్నానని ఒక గ్రంథం బయటపెట్టాడు. దాని మీదే థెలీమా అనే మతం కట్టాడు. ఆ గ్రీకు మాటకు సంకల్పం అని అర్థం. ‘నీ సంకల్పం ఏదో అదే చెయ్యి, ధర్మమంతా అదే’ అన్నది వాళ్ల మూలసూత్రం.

ఇందులో సైతాను పూజ లేదు. క్రైస్తవుల సైతానును అతను నమ్మలేదు. పాటలో మాత్రం సైతాను పిలుపు కోసం కాచుకు కూర్చున్నావు అంటారు. అది పత్రికలు తయారుచేసిన క్రౌలీ. 1923లో ‘జాన్ బుల్’ అనే పత్రిక ‘ప్రపంచంలోకెల్లా దుర్మార్గుడు’ అని రాసింది. రైలుకట్ట గారి నాన్నగారికి ఫోన్‌లో కనపడింది ఆ పాత హెడ్డింగే, నూరేళ్లు దాటినా ఇంకా తిరుగుతోంది.

హనుమకొండ_బేస్ · ఆదివారం, ఉదయం 10:20

అంటే పాట అబద్ధం చెప్తోందంటారా?

డల్లాస్_రాత్రి · ఆదివారం, ఉదయం 10:41

అబద్ధం కాదు బ్రదర్. పేపర్లలో, పుస్తకాల్లో తనకు దొరికిన క్రౌలీతో మాట్లాడుతోంది. మన దగ్గర పొలిమేరలో ఒంటరిగా బతికే మనిషికి బాణామతి తెలుసని ఎవరో ఒకరంటారు, పదిమంది నమ్ముతారు. తెలంగాణ పల్లెల్లో ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు మనందరికీ తెలుసు. కాబట్టి ‘మాంత్రికుడు’ అన్న మాట విన్న వెంటనే తీర్పు చెప్పడానికి నేను జంకుతాను. తేడా ఒకటుంది. ఆ అభాగ్యులకు ఆ పేరు వేరేవాళ్లు అంటగట్టారు. క్రౌలీ తనే తగిలించుకుని ఊరేగాడు.

నీలిసిరా · ఆదివారం, మధ్యాహ్నం 1:05

నాకు ఎక్కువ కాలం అర్థంకాని చరణం రెండోది. పవిత్రమైనవాటిని బయటపెట్టావు, అవి రహస్యపు కంట్లో గర్భం దాల్చాయి, ఆ మావిని వెదజల్లారు అన్న భావం వస్తుంది అక్కడ.

చరిత్రలో దీనికి సరిపోయే విషయం ఒకటుంది. గోల్డెన్ డాన్ సభ్యులు పూజావిధానాలు బయటికి చెప్పబోమని ప్రమాణం చేసేవారు. క్రౌలీ 1909 నుంచి ‘ఈక్వినాక్స్’ అనే సొంత పత్రికలో వాటిని అచ్చేయడం మొదలుపెట్టాడు. ఆ మండలి పెద్ద మెదర్స్ కోర్టుకు వెళ్లి ఆపించబోయాడు. అప్పీలులో క్రౌలీయే గెలిచాడు. పవిత్రమనుకున్నది బజారున పడింది. డెయిస్లీ మనసులో ఇదే ఉందని నేననను, కానీ మాటలు దీనికి అతికినట్టు సరిపోతాయి.

ఇక ఆ మావి. మా అమ్మమ్మ ఊళ్లో కాన్పయ్యాక మావిని ఎవరి కంటా పడకుండా, కుక్కలు తవ్వకుండా లోతుగా పాతిపెట్టేవారు. అది బిడ్డలో భాగం అని నమ్మకం. దాన్ని వెదజల్లడం అంటే ఎంత తప్పు పనో మన పల్లె మనిషికి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ పాదం వింత ప్రాసలాగా వినపడుతుంది. తెలుగులోకి తెచ్చేసరికి ఒళ్లు జలదరించింది.

పాతటేపు · ఆదివారం, మధ్యాహ్నం 2:30

నీలిసిరా గారూ, ముప్పై ఏళ్లుగా వింటున్నాను, ఆ పాదం దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. ధన్యవాదాలండీ.

మూడో చరణంలో తెల్లగుర్రం సంగతి కూడా చెప్పాలి. నా తెల్లగుర్రం ఎక్కుతావా అని అడిగి, ఇది సంకేతమేలే అని తనే అంటాడు. ఇంగ్లీషు వీధి భాషలో గుర్రం అంటే హెరాయిన్. క్రౌలీకి ఉబ్బసానికని డాక్టరు రాసిచ్చిన హెరాయిన్ చివరిదాకా వదల్లేదు. అడుగుతున్న ఓజీ కూడా అప్పటికి మత్తులో మునిగి ఉన్నవాడే. అందుకే ఆ చరణం నాకు వేరేగా వినపడుతుంది. అంతవరకు దూరం నుంచి ప్రశ్నలడిగినవాడు, అక్కడ ‘నాతోపాటు రా’ అంటున్నాడు. నీ బతుకు విషాదం అన్న నోటితోనే, నాదీ అదే దారి అని ఒప్పుకున్నట్టు. ఇది నా అభిప్రాయం మాత్రమే. బైబిల్లో చివరి రోజుల్లో వచ్చే తెల్లగుర్రం అనేవాళ్లూ ఉన్నారు, బ్రెదరెన్ ఇంట్లో పుట్టినవాడికి అదీ నప్పుతుంది.

శ్రుతిపెట్టె · ఆదివారం, సాయంత్రం 5:15

అందరూ మాటల గురించే మాట్లాడుతున్నారు. అర్థం సగం రాగంలో ఉంది. నేను పదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు కీబోర్డు వాయిస్తాను.

మొదట వచ్చే ఆ ఆర్గన్ డాన్ ఎయిరీ అనే కీబోర్డు వాద్యకారుడు వాయించినది. డ్రమ్ములు లేవు, గిటార్ లేదు, చర్చిలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. మాంత్రికుడి పాటకు గుడి వాకిలి పెట్టారు. ‘డీ’ స్వరాన్ని ఆధార షడ్జం అనుకుంటే పాట నడక నఠభైరవి రాగం స్వరాల్లో ఉంటుంది. వరుస చివర ‘ఏ మేజర్’ కార్డు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తి) పడ్డచోట మాత్రం కైశికి నిషాదం పోయి కాకలి నిషాదం వస్తుంది. అంటే ఆ ఒక్క క్షణం కీరవాణి. ఇరవయ్యో మేళకర్త రాగం నుంచి ఇరవై ఒకటోదానికి ఒకే ఒక్క స్వరం తేడా. ఆ స్వరమే షడ్జం వైపు లాగి లాగి వదులుతుంది. నాకైతే అది జవాబు దొరక్కుండా మళ్లీ మొదటికొచ్చే ప్రశ్నలా ఉంటుంది.

ర్యాండీ రోడ్స్ చివరి సోలో కింద కార్డులు వినండి: డీ మైనర్, జీ మైనర్, సీ, ఎఫ్, బీ ఫ్లాట్, సగం కుదించిన ‘ఈ’, తర్వాత ‘ఏ’. ప్రతి కార్డూ ముందుదానికి మధ్యమం అవుతూ వెళ్తుంది. ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్దపు చర్చి సంగీతంలో ఇది చాలా వాడుక. రోడ్స్ శాస్త్రీయ గిటార్ మీద ప్రాణం పెట్టినవాడు. సోలోను ఒకసారి వాయించి, అచ్చం అలాగే మళ్లీ వాయించి, ఒకదాని మీద ఒకటి పరిచేవాడు. అందుకే ఆ సోలో ఒక్కరు కాక, ఇద్దరు ఒకే గొంతుతో ఏడ్చినట్టు ఉంటుంది. మాటలు అయిపోయాక జవాబు రాలేదు కాబట్టి గిటార్ అందుకుని అడుగుతోంది. పాట అలా అడుగుతూనే సన్నగిల్లిపోతుంది.

1982 మార్చి 19న ఫ్లోరిడాలో చిన్న విమానం కూలి రోడ్స్ చనిపోయాడు. ఇరవై అయిదేళ్లు.

డల్లాస్_రాత్రి · ఆదివారం, సాయంత్రం 6:02

ఆల్బమ్ వెతికేవాళ్లకు ఒక మాట. 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు డెయిస్లీ బేస్, లీ కెర్‌స్లేక్ డ్రమ్ములు తీసేసి వేరేవాళ్లతో వాయించి పెట్టారు. నేను ఇక్కడ మొదట కొన్నది ఆ సీడీనే. ఏదో తేడాగా ఉందనిపించినా కారణం చాలాకాలం తెలియలేదు. 2011 విడుదలలో అసలువి తిరిగి పెట్టారు. మీ తమ్ముడి బృందంలో డ్రమ్మర్ దేన్ని విని నేర్చుకుంటున్నాడో ఒకసారి అడగండి.

హనుమకొండ_బేస్ · ఆదివారం, రాత్రి 8:20

బేస్ వాయించేవాడిగా ఆ 2002 సంగతి నాకు ఇంకా మంటే. సరే, దాన్ని వదిలేస్తాను.

క్రౌలీ చివరి రోజులు ఎవరూ చెప్పలేదు. 1920లో సిసిలీ దీవిలో చెఫలూ అనే ఊళ్లో శిష్యులతో ఒక మఠం పెట్టాడు. 1923లో రౌల్ లవ్‌డే అనే యువ శిష్యుడు అక్కడ జబ్బుచేసి చనిపోయాడు. అతని భార్య లండన్ వచ్చి పత్రికలకు అంతా చెప్పింది. ముస్సోలినీ ప్రభుత్వం క్రౌలీని దేశం నుంచి పంపేసింది. 1934లో తనను మంత్రగాడుగా చిత్రించారని ఒక రచయిత్రి మీద పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు, మరుసటి ఏడాది దివాలా తీశాడు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఎప్పుడో కరిగిపోయింది. 1947 డిసెంబరు 1న హేస్టింగ్స్‌లో ఒక అద్దె గదుల ఇంట్లో పోయాడు. డెబ్బై రెండేళ్లు.

ఇది రాస్తుంటే నా మొదటి మాట కొంచెం మార్చుకోవాలనిపించింది. ఆకర్షణ ఉంది, నిజమే. కానీ ఆ చివరి గది తెలిసినవాడు ఈ పాటను భక్తితో వినలేడు.

పాతటేపు · ఆదివారం, రాత్రి 9:10

ఓజీ పుట్టింది 1948 డిసెంబరు 3న. క్రౌలీ చనిపోయాక సరిగ్గా ఒక ఏడాదీ రెండు రోజులకు. అంటే ఈ పాటలో అడిగేవాడు అడగబడేవాణ్ణి చూసే అవకాశమే లేదు. చచ్చినవాళ్లతో మాట్లాడావా అని చచ్చిపోయిన మనిషినే అడుగుతున్నాడు. అడుగుతున్నంతసేపూ తను చేస్తున్నది కూడా అదే.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్క్ మైదానంలో ఓజీ చివరిసారి పాడాడు. పార్కిన్సన్స్ జబ్బు వల్ల లేచి నిలబడలేక సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ రోజు ఈ పాట కూడా ఉంది. పదిహేడు రోజులకు, జులై 22న కన్నుమూశాడు. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను. మళ్లీ చూడ్డానికి ధైర్యం చాలలేదు.

రైలుకట్ట · సోమవారం, రాత్రి 9:30

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ ఒకటొకటిగా నాన్నగారికి చదివి వినిపించాను. కాంచన్‌జంగ భాగం రెండుసార్లు చదవమన్నారు. ‘అలాంటివాడి మీద పాటెందుకు రాశారు మరి?’ అన్నారు. నీలిసిరా అక్క రాసిన ‘ఏమయ్యా’ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంట్లో సాధన ఇంకా వద్దనే అంటున్నారు, పూజగది పక్కనే తమ్ముడి గది కావడం వల్ల. స్నేహితుడింట్లో చేసుకోమన్నారు. ఫెస్ట్‌లో వాయించవచ్చు. కానీ ఒక షరతు పెట్టారు. వాయించే ముందు ఈ మనిషి ఎవరో, ఏం చేశాడో తమ్ముడే మైకులో తెలుగులో చెప్పాలట. చనిపోయిన కూలీల సంగతి తప్పకుండా చెప్పాలట. తమ్ముడికి వాయించడం కంటే మాట్లాడ్డమే టెన్షన్. నాలుగు వాక్యాలు ఎవరైనా రాసిస్తారా? ఇంకొకటి, వాళ్ల కీబోర్డు అమ్మాయికి ఆ ఆర్గన్ శబ్దం కుదరడం లేదు.

శ్రుతిపెట్టె · సోమవారం, రాత్రి 9:55

ఆ అమ్మాయిని చర్చి ఆర్గన్ ఒక్కటే పెట్టొద్దనండి. దాని కింద సన్నగా తంత్రీ వాద్యాల శబ్దం కలిపి, ప్రతి కార్డునూ తర్వాతది వచ్చేదాకా వదలకుండా పట్టుకోమనండి. తొందరపడితే పోతుంది. కావాలంటే నేను వాయించి ఆడియో పంపుతాను.

నీలిసిరా · సోమవారం, రాత్రి 10:30

వాక్యాలు నేను రాస్తాను, రేపటికల్లా పెడతాను. మీ నాన్నగారి షరతు నాకు చాలా నచ్చింది, ఆయనకు చెప్పండి.

మంచుమెట్టు · సోమవారం, రాత్రి 10:44

నీలిసిరా గారూ, పేరు దగ్గర జాగ్రత్త. ఆయన తన పేరును ‘హోలీ’తో ప్రాస కలిసేలా క్రోలీ అని పలికేవాడు. ఓజీ క్రౌలీ అని పాడాడు, అందరికీ అదే అలవాటైంది. మైకులో మాట్లాడేటప్పుడు క్రోలీ అనమనండి. పాటలో మాత్రం ఓజీ పాడినట్టే క్రౌలీ అని పాడనివ్వండి.